తిరుపతి నుంచి గోవా బీచ్ హోటల్ మీటింగ్‌కి: ముందు మ్యాప్ చూడు, తర్వాతే టికెట్ కొను

తమ్ముడూ, నువ్వడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. నీది చిత్తూరు దగ్గర మామిడి పల్ప్ కంపెనీలో మార్కెటింగ్ ఉద్యోగం, కాపురం తిరుపతిలో. వచ్చే నెల సౌత్ గోవాలో కవలోసిం బీచ్ పక్కన ఒక రిసార్ట్‌లో కొనుగోలుదారుల మీటింగ్ ఉంది. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలు. మీ సారు "శాంపిళ్ళు తీసుకుని నువ్వే వెళ్ళిరా" అన్నారు. విమానం ఎక్కడం నీకిదే మొదటిసారి. రేణిగుంటలో ఎక్కాలా, చెన్నై పోవాలా, బెంగళూరు పోవాలా, దిగాక కారు సంగతేంటి, హోటల్లో ఏం చూసుకోవాలి అని అడిగావు.

నేను ఈ పల్ప్ వ్యాపారంలో ఇరవై ఏళ్ళు దాటాను. జూన్, జూలైల్లో తోతాపురి కాయ ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ల మీద వరస కట్టినప్పుడు తల ఎత్తడానికి టైం ఉండదు. సీజన్ ముగిసిందంటే మాత్రం సంచి భుజాన వేసుకుని ఊళ్ళు తిరగడమే నా పని. అందులో బీచ్ హోటళ్ళ మీటింగులే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఊరి మధ్యలో హోటలైతే ఎయిర్‌పోర్ట్ దగ్గర ఏ ఆటోవాడైనా తీసుకెళ్తాడు. బీచ్ హోటల్ ఎప్పుడూ ఏదో ఒక చివర ఉంటుంది. ఆ చివరి కారు ప్రయాణాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

నేనూ తీసుకోలేదు. 2023 ఆగస్టులో ఇదే కవలోసిం వైపు ఒక హోటల్లో మీటింగ్. టికెట్ పని ఒక ట్రావెల్ ఏజెంట్‌కి అప్పజెప్పాను. "గోవాకి చవగ్గా దొరికింది సార్, పదిహేను వందలు మిగిలింది" అన్నాడు. సంతోషంగా తీసుకున్నాను. టికెట్ మీద గోవా అనే ఉంది, పక్కన మోపా అని ఉన్న సంగతి నేను పట్టించుకోలేదు. రాత్రి ఎనిమిదింపావుకి దిగాను. ట్యాక్సీ కౌంటర్‌లో కుర్రాడికి హోటల్ పేరు చెప్తే రాస్తున్న పెన్ను ఆపేసి, తల ఎత్తి నా ముఖంలోకి చూశాడు. "కవలోసిమా సార్? అది ఆ చివర. ఇది ఈ చివర" అన్నాడు. అతను రాసిచ్చిన రసీదు చూస్తే నాకు మిగిలిన పదిహేను వందలు అక్కడే పోయాయి, పైన ఇంకా పడ్డాయి.

డబ్బు పోతే పోయింది. బయట వర్షం, వైపర్ ఒకటి కీచుకీచుమంటోంది, డ్రైవర్‌కి వచ్చింది కొంకణీ, కాస్త హిందీ. పణజి వంతెన మీద దీపాలు కనిపించగానే వచ్చేశాం అనుకున్నా. "ఇంకా సగమే సార్" అన్నాడు. జువారీ వంతెన దాటి, మడ్గావ్ దాటి, కొబ్బరి చెట్ల మధ్య సన్న రోడ్డులో పడి హోటల్ గేటు చేరేసరికి పదకొండు కావస్తోంది. ఆ రాత్రి తొమ్మిదికి పూణే కొనుగోలుదారుడితో నాకు డిన్నర్ ఉంది. మరునాడు పొద్దున లిఫ్ట్ దగ్గర కలిశాడు. "మీరు రాలేదని కృష్ణగిరి వాళ్ళతో కూర్చున్నాను" అన్నాడు నవ్వుతూ. కృష్ణగిరి అంటే తమిళనాడులో మనకి పోటీగా పల్ప్ చేసేవాళ్ళ ఊరు, నీకు చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచి నేను ప్రయాణాన్ని మా ఇంటి గడప నుంచి కాదు, హోటల్ గేటు నుంచి వెనక్కి లెక్కేసుకుంటాను. నువ్వూ అలాగే చెయ్యి.

గోవాలో ఎయిర్‌పోర్టులు రెండు. డాబోలిం పాతది, వాస్కో పక్కన ఉంటుంది. అది నేవీ వాళ్ళ స్థావరం. వారపు రోజుల్లో పొద్దున కొన్ని గంటలు వాళ్ళ శిక్షణకి పోతాయి, అందుకే అక్కడికి విమానాలు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతో, తెల్లవారుజామునో కనిపిస్తాయి. మోపా కొత్తది. 2023 జనవరి 5న విమానాలు మొదలయ్యాయి. అది ఉత్తరాన పెర్నెం తాలూకాలో, దాదాపు మహారాష్ట్ర సరిహద్దులో ఉంటుంది. కలంగూట్, బాగా లాంటి నార్త్ బీచ్‌లకైతే మోపా బాగానే ఉంటుంది. కోల్వా, బెనోలిం, వార్కా, కవలోసిం, మోబోర్ వైపు పోయేవాడు కళ్ళు మూసుకుని డాబోలిం తీసుకోవాలి. డాబోలిం నుంచి కవలోసిం సుమారు 40 కిలోమీటర్లు, గంట పైన పడుతుంది. మోపా నుంచి దానికి రెట్టింపు దూరం. టికెట్ మీద మూడక్షరాల కోడ్ చూడు. జీఓఐ అంటే డాబోలిం, జీఓఎక్స్ అంటే మోపా. ఏజెంట్ "గోవాయే కదా సార్" అన్నాడంటే ఆ మాట దగ్గరే ఆపి, కోడ్ చెప్పమను.

ఇప్పుడు మన వైపు సంగతి. నువ్వు తిరుపతిలో ఉంటావు కాబట్టి రేణిగుంట పదిహేను కిలోమీటర్లు, కరకంబాడి రోడ్డులో పోతే అరగంట పని. 2015లో కొత్త టెర్మినల్ వచ్చాక అక్కడ ఇబ్బంది లేదు. చిన్న ఎయిర్‌పోర్ట్, మొదటిసారి ఎక్కేవాడికి తికమక పడే అవకాశమే తక్కువ. కాకపోతే నేను వెళ్ళిన ప్రతిసారీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో దిగి మారాల్సి వచ్చింది. మారడం తప్పు కాదు. రెండు టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబర్) మీద ఉండాలి, అదొక్కటే షరతు. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమైన రోజు రెండోది నీకోసం ఆగదు, ఆ డబ్బూ రాదు. ఒకే పీఎన్‌ఆర్ అయితే నిన్ను తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళది, నీ సామాను కూడా నేరుగా గోవాలోనే చేతికొస్తుంది. మధ్యలో ఆగే టైం గంటన్నర కంటే తక్కువుంటే తీసుకోకు, మూడు గంటలు దాటితే బెంగళూరుకి కారులో పోవడమే మేలు.

బెంగళూరు నుంచి గోవాకి విమానాలు చాలా ఉంటాయి, గంటంబావు ప్రయాణం. కాకపోతే ఎయిర్‌పోర్ట్ ఉన్న దేవనహళ్ళి చేరాలి. తిరుపతి నుంచి చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా సుమారు 240 కిలోమీటర్లు. గూగుల్ నాలుగున్నర గంటలంటుంది, నువ్వు ఐదున్నర వేసుకో. బంగారుపాళెం దాటాక మొగిలి ఘాట్‌లో లారీ ఏదైనా అడ్డం పడిందంటే ఆ గంట ఎటు పోయిందో తెలియదు. ఆ ఘాట్‌లో ఎన్ని ప్రమాదాలు జరిగాయో మన పేపర్ చదివేవాళ్ళందరికీ తెలుసు. రాత్రిపూట తోలేవాడు కొత్తవాడైతే పగలే బయల్దేరండి. పలమనేరు వైపు అడవి అంచున ఏనుగులు రోడ్డు దాటిన రోజులూ ఉన్నాయి, నేనే ఒకసారి ఇరవై నిమిషాలు లైట్లు ఆర్పుకుని కూర్చున్నాను.

ఇంకో మాట. మీ సారు కూడా కారులో ఎక్కితే కాణిపాకం క్రాస్ దగ్గర "ఒక్క ఐదు నిమిషాలు దర్శనం చేసుకుని పోదాం" అంటారు. ఆ ఐదు నిమిషాలు నాకు ఒకసారి గంటా పది నిమిషాలైంది. దణ్ణం రోడ్డు మీద నుంచే పెట్టమని ముందే చెప్పుకో, తిరుగు ప్రయాణంలో లోపలికి వెళ్ళొచ్చు.

కోలారు దాటాక నరసాపురం ఫ్యాక్టరీల దగ్గర షిఫ్టు మారే టైంలో బస్సులు రోడ్డు నింపేస్తాయి. అక్కణ్నుంచి హొస్కోటె వచ్చాక కేఆర్ పురం వైపు నేరుగా పోకు. హొస్కోటెలోనే కుడికి తిరిగి బూదిగెరె మీదుగా దేవనహళ్ళి చేరొచ్చు, అది సుమారు 35 కిలోమీటర్లు. ఊళ్ళోకి దిగితే ఆ 35 మిగిలినట్టే ఉంటుంది కానీ గంటన్నర పోతుంది. కారు అద్దెకి మాట్లాడేటప్పుడు ఆల్ ఇండియా పర్మిట్ ఉన్న బండేనా అని అడుగు. లేకపోతే కర్ణాటక టెంపరరీ పర్మిట్ పని సరిహద్దులో నంగిలి దాకా వచ్చాక గుర్తొస్తుంది డ్రైవర్‌కి. సొంత కారు తోలుకుపోయి మూడు రోజులు ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో పెట్టే ఆలోచన ఉంటే మానుకో. ఆ బిల్లు రోజురోజుకీ పెరుగుతుంది.

చెన్నై సంగతి క్లుప్తంగా చెప్తా. దూరం తక్కువే, 140 కిలోమీటర్ల లోపు. పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్ళూరు మీదుగా పోవాలి. అయితే పూందమల్లి దగ్గరికొచ్చాక ట్రాఫిక్ నీ చేతిలో ఉండదు, గోవా విమానాలూ బెంగళూరు అన్ని ఉండవు. టైం కుదిరితే సరే, లేకపోతే దానికోసం వెతకొద్దు. మా నాయన తరం వాళ్ళు హరిప్రియ రైలెక్కి లోండాలో దిగి వాస్కో బండి పట్టుకునేవాళ్ళు. మీటింగ్ లేకుండా ఊరికే పోయేటప్పుడు అదీ ఒక సుఖమే.

నా తీర్పు అడిగితే, తిరుపతిలో ఉన్న నీకు రేణిగుంట, ఒకే పీఎన్‌ఆర్, డాబోలింలో దిగడం. చిత్తూరులోనో పలమనేరులోనో ఉన్నవాళ్ళకైతే బెంగళూరు. రెండింట్లో ఏదైనా ముందురోజు సాయంత్రం చీకటి పడకముందు హోటల్ చేరేలా ఉండాలి. మీటింగ్ రోజు పొద్దున దిగి నేరుగా హాల్లోకి పోదాం, ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది అని మీ అకౌంట్స్ వాళ్ళు అంటే వినకు. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున దేవనహళ్ళిలో మంచు పడి విమానాలు వరసగా ఆలస్యమవుతాయి. ఆ ఒక్క గది అద్దె కోసం మీటింగే పోతుంది.

మొదటిసారి కాబట్టి ఇవి కూడా. వెబ్ చెక్-ఇన్ ముందురోజే ఫోన్లో చేసుకో. బ్యాగ్ వేసే కౌంటర్ విమానం బయల్దేరే గంట ముందు మూసేస్తారు, గేటు 25 నిమిషాల ముందు. ఆ టైముల్లో బతిమాలినా లాభం లేదు. బెంగళూరులో టెర్మినల్ 1, టెర్మినల్ 2 వేరువేరు భవనాలు, టికెట్ మీద ఏది రాశారో డ్రైవర్‌కి ముందే చెప్పు. డిజీయాత్ర యాప్ ఆధార్‌తో ఇంట్లోనే రిజిస్టర్ చేసుకుంటే అక్కడ ముఖం చూపించి లోపలికి పోవచ్చు. దాన్ని ఎయిర్‌పోర్ట్ గుమ్మంలో నిలబడి మొదలుపెట్టకు.

ఇక శాంపిళ్ళు. మొదటిసారి వెళ్ళే మార్కెటింగ్ వాళ్ళందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. మన 3.1 కిలోల డబ్బా ఒకటి చేతి బ్యాగ్‌లో పెట్టుకుని బెంగళూరులో సెక్యూరిటీ దగ్గరికి వెళ్ళాను. స్కానర్ మీద నల్లటి గుండ్రం కనిపించేసరికి సీఐఎస్‌ఎఫ్ అమ్మాయి బెల్ట్ ఆపి బ్యాగ్ పక్కకి తీయించింది. డబ్బా చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. నిండా ఉన్న డబ్బా కదా, చప్పుడు రాదు. చప్పుడు రాకపోవడం ఆమెకి ఇంకా అనుమానం. "ఏముంది ఇందులో?" "మామిడి గుజ్జు." "తెరిచి చూపించండి." తెరిస్తే అది శాంపిల్ కాదు, మూడు కిలోల జ్యూస్. బయటికి వెళ్ళి చెక్-ఇన్‌లో వేద్దామంటే కౌంటర్ మూసే టైం. డబ్బా అక్కడే వదిలేసి ఉత్త లేబుల్ కాగితాలతో గోవాలో దిగాను. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది.

కాబట్టి డబ్బాలు చెక్-ఇన్ బ్యాగ్‌లోనే. ఎకానమీలో చెక్-ఇన్ 15 కిలోలు, చేతి బ్యాగ్ 7 కిలోలు. రెండు డబ్బాలు రేకుతో కలిపి ఏడు కిలోల దాకా తూగుతాయి, అంటే సగం అయిపోయినట్టే. రెండు మించి తీసుకెళ్ళకు, మిగతావి వారం ముందే కొరియర్‌లో హోటల్‌కి పంపు. పార్సిల్ మీద నీ పేరు, నువ్వు దిగే తారీకు, మీటింగ్ పేరు రాసి, హోటల్‌కి ఫోన్ చేసి వచ్చిందా అని కనుక్కో. ఒకసారి నా పెట్టె వంటింటి స్టోర్‌లోకి పోయింది. మూడో రోజు దొరికింది, అప్పటికి అందులో ఒక డబ్బా లస్సీగా మారిపోయింది. డబ్బాల అంచులు సొట్టపోకుండా మధ్యలో బట్టలు కుక్కు. సొట్ట పడిన డబ్బాని కొనేవాడు రుచి కూడా చూడడు. బ్రిక్స్ (పల్ప్‌లో తీపి లెక్క) చూసే రిఫ్రాక్టోమీటర్ మాత్రం చేతి బ్యాగ్‌లో పెట్టుకో, చెక్-ఇన్‌లో దెబ్బ తింటే పద్నాలుగుకి పదహారు చూపించి నీ పరువు తీస్తుంది. పవర్ బ్యాంక్ కూడా చేతి బ్యాగ్‌లోనే ఉండాలి, చెక్-ఇన్‌లో ఒప్పుకోరు.

మీ ఇంట్లో ఆడవాళ్ళు పెట్టిచ్చేవాటి గురించి కూడా చెప్పాలి. కారం పచ్చడి చేతి బ్యాగ్‌లో కూడదు. గుడి నుంచి తెచ్చిన ఎండుకొబ్బరి చెక్-ఇన్‌లో కూడదు, దాంట్లో నూనె ఉంటుంది కాబట్టి నిప్పంటుకునే సరుకుల్లో వేశారు. తిరుమల లడ్డూకి ఏ అడ్డూ లేదు. నేను కొత్త కొనుగోలుదారుడిని కలిసేటప్పుడు విజిటింగ్ కార్డు కంటే ముందు లడ్డూ ఇస్తాను. ఏ రాష్ట్రం వాడైనా రెండు చేతులూ చాపి తీసుకుంటాడు.

డాబోలింలో దిగాక ట్యాక్సీ. గోవాలో ఓలా, ఊబర్ లేవు. ఫోన్ తీసి వెతుక్కుంటూ నిలబడితే నలుగురు డ్రైవర్లు చుట్టుముడతారు. లోపలే ప్రీపెయిడ్ కౌంటర్ ఉంటుంది, గోవామైల్స్ అనే యాప్ ట్యాక్సీ కూడా ఉంది. రెండింట్లో ఏదో ఒకటి తీసుకుని రసీదు జాగ్రత్త చేసుకో. హోటల్ వాళ్ళు కారు పంపిస్తామంటారు. రాత్రి దిగేట్టయితే ఒప్పుకో, పగలైతే కౌంటర్ రేటు చూసి నిర్ణయించుకో. తిరుగు రోజుకి మాత్రం ముందురోజు రాత్రే హోటల్ రిసెప్షన్‌లో బండి చెప్పిపెట్టు. కవలోసింలో రోడ్డు మీదకి వచ్చి చెయ్యెత్తితే ఆగే బండి ఉండదు. సొంతంగా తోలుకునే అద్దె కారు తీసుకునేవాళ్ళు నంబర్ ప్లేట్ చూడాలి. నల్ల ప్లేట్ మీద పసుపు అక్షరాలుంటే అద్దెకి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేట్ బండి చవగ్గా ఇస్తాడు, పోలీసు పట్టుకుంటే ఆ చవకంతా ఫైన్‌లో పోతుంది.

హోటల్ పేజీలో "బీచ్‌ఫ్రంట్" అని చూసి కిటికీ తెరిస్తే అలలు కాళ్ళ దగ్గరికి వస్తాయనుకోకు. 1991లో సీఆర్‌జడ్ అనే తీరప్రాంత కట్టడాల నిబంధనలు వచ్చాయి. ఊళ్ళ బయటి తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదు. అందుకని సౌత్ గోవా రిసార్టులు ఎక్కువగా ఇసుక దిబ్బల వెనక ఉంటాయి. గది నుంచి సముద్రానికి తోటలో పది నిమిషాలు నడక. కవలోసిం, మోబోర్ దగ్గర ఇంకో మెలిక ఉంది. ఒకవైపు సముద్రం, ఇంకోవైపు సాల్ నది, మధ్యలో సన్నటి నేల. నది ఒడ్డు హోటల్ కూడా "వాటర్‌ఫ్రంట్" అని రాసుకుంటుంది. మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టి హోటల్ ఏ నీటి పక్కన ఉందో నీ కళ్ళతో చూసుకో. మీటింగ్ హాల్ ఏ భవనంలో, నీ గది దానికి ఎంత దూరంలో అని కూడా అడుగు. డబ్బాలు మోసేది నువ్వే కదా.

హాల్ గురించి ఇంకొకటి. మన తిరుపతి జిల్లాలో తూపిలిపాళెం బీచ్‌కి వెళ్తే పొద్దున సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. గోవాలో సాయంత్రం సముద్రంలోకి దిగుతాడు. సముద్రం వైపు అద్దాలున్న హాల్లో మూడు దాటాక ఎండ నేరుగా తెర మీద పడుతుంది, నీ స్లైడ్‌లు ఎవడికీ కనిపించవు. కర్టెన్లు వేస్తే పసుపు దీపాలు వెలిగిస్తారు. ఆ దీపాల కింద ఏ పల్ప్ అయినా బంగారంలాగే ఉంటుంది, ఆ సంగతి కొనేవాడికీ తెలుసు కాబట్టి రంగు మీద నమ్మకం పెట్టుకోడు. నీ వంతు మధ్యాహ్నం భోజనానికి ముందే పెట్టమని నిర్వాహకులకి ఇప్పుడే రాయి. శాంపిల్ గ్లాసులు తెల్ల కాగితం మీద, కిటికీ వెలుతుర్లో పెట్టు.

హోటల్ బుక్ చేసేటప్పుడు పన్ను సంగతి మీ అకౌంట్స్‌కి చెప్పు, చాలామంది ఇక్కడ పొరబడతారు. హోటల్ గది విషయంలో హోటల్ ఉన్న రాష్ట్రమే లెక్క. గోవా హోటల్ బిల్లులో సీజీఎస్‌టీ, గోవా ఎస్‌జీఎస్‌టీ పడతాయి. ఆంధ్రలో రిజిస్టర్ అయిన మీ కంపెనీకి ఆ క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకునే వీలు, రాదు. బిల్లు మీద జీఎస్‌టీ నంబర్ రాయించుకున్నా అది పుస్తకాల్లో ఖర్చుకి ఆధారమే తప్ప క్రెడిట్‌కి పనికిరాదు. కాబట్టి పన్ను ఎంత పడుతుందో బుకింగ్‌కి ముందే చూసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి 5 శాతం, ఆ పైన 18 శాతం. 7,500 గదికి మొత్తం 7,875 అవుతుంది. 7,600 గదికి 8,968. వంద రూపాయల తేడా గది, బిల్లులో వెయ్యి దాటిన తేడా. మీటింగ్ రేటు మాట్లాడేటప్పుడు ఆ గీత లోపల ఉంచమని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. విమానం టికెట్‌కి లెక్క వేరు. అక్కడ కంపెనీ ఎక్కడ రిజిస్టర్ అయిందో అదే లెక్క కాబట్టి క్రెడిట్ వస్తుంది. బుక్ చేసేటప్పుడే కంపెనీ జీఎస్‌టీ నంబర్ ఎక్కించాలి, తర్వాత గుర్తొస్తే సరిచేయించడం తలనొప్పి.

చెక్-ఇన్ చాలా రిసార్టుల్లో మధ్యాహ్నం రెండు తర్వాతే. బ్రేక్‌ఫాస్ట్ ఏడున్నరకే పో. ఎనిమిదిన్నరకి టూరిస్టు కుటుంబాలన్నీ దోశ కౌంటర్ దగ్గర ఉంటాయి, నీ తొమ్మిదిన్నర మీటింగ్ వాళ్ళకి పట్టదు. మాంసం తినవంటే మీటింగ్ నిర్వాహకులకి ముందే చెప్పు, అక్కడ మామూలు భోజనమంటేనే చేపల కూర అన్నం.

నా తోలు బూట్ల కథ కూడా చెప్పాలి. మీటింగ్ సాయంత్రం డిన్నర్ బీచ్ మీద అన్నారు. సూట్, బూట్లు వేసుకుని దిగాను. నాలుగడుగులు వేసేసరికి రెండు బూట్లలో ఇసుక, అది సాక్స్‌లోకి. నిలబడి మాట్లాడుతుంటే వేళ్ళ మధ్య గరగరలాడుతోంది. ఎదురుగా దుబాయ్ కంపెనీ ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని హాయిగా నిలబడి ఉన్నాడు. ఆయన ధర గురించి ఏం చెప్పాడో సగం వినలేదు నేను. మరునాడు గదిలో బూట్లు దులిపితే మూల నిండా ఇసుక. ఉప్పు గాలికి ఆ తోలు నెలకల్లా పగిలింది. అందుకని పగటికి ఒక జత బూట్లు, సాయంత్రానికి మంచి చెప్పులు. తెల్ల చొక్కాలు ఒకటి ఎక్కువ పెట్టుకో, ఆ ఉక్కకి మధ్యాహ్నానికి మారుస్తావు. కాగితం లేబుళ్ళు, బ్రోచర్లు కూడా తేమకి వంకర తిరుగుతాయి, ప్లాస్టిక్ కవర్‌లోంచి హాల్లోకి వచ్చాకే తియ్యి.

సముద్రంలో దిగాలని ఉంటే మీటింగ్ అయిపోయాక దిగు. ఎర్ర జెండా ఉన్నచోట కాలు కూడా పెట్టకు. వానాకాలంలో అంతటా ఎర్ర జెండాలే ఉంటాయి. మన స్వర్ణముఖిలో ఈత వచ్చు కదా అనే ధైర్యం అరేబియా సముద్రం దగ్గర పనికిరాదు.

తిరిగొచ్చేటప్పుడు మీ సారు వాళ్ళ స్నేహితులు ఫెనీ (గోవా సారా) తెమ్మని ఫోన్ చేస్తారు, అది ఖాయం. విమానంలో చెక్-ఇన్‌లో తేవచ్చు, కానీ మన రాష్ట్రంలోకి బయటి సీసా తెస్తే ఎక్సైజ్ వాళ్ళకి జవాబు చెప్పుకోవాల్సింది నువ్వు, ఫోన్ చేసినవాళ్ళు కాదు. నేనైతే మడ్గావ్ మార్కెట్‌లో జీడిపప్పు కొని తెస్తాను. కిలో ప్యాకెట్లు కాకుండా పావు కిలోవి కొను, ఆఫీసులో నలుగురికీ ఇవ్వొచ్చు. డబ్బాలు ఖాళీ అయిన చోట బ్యాగ్‌లో సరిగ్గా పడతాయి.